సెలీమా మునిగిన తేదీ

నస్పూర్
12 జూన్ 2024, బుధవారం

పొద్దున మబ్బు. ఎనిమిదిన్నరకు జల్లు పడి పది నిమిషాల్లో ఆగింది. డాబా మీద తూము మూసుకుపోతే కర్రతో పొడిచి ఆకులు తీశాను.

అక్కకు ఆశీర్వాదం వందనాలు.

నీ ఉత్తరం అందింది. మన ఊరి చర్చికి నూరేళ్లు నిండుతున్నాయని, యుద్ధంలో పోయిన ముగ్గురి పేర్లు రాతి మీద చెక్కిస్తున్నారని, మీ బాపు పేరు పక్కన ఓడ పేరు, అది మునిగిన తేదీ ఉండాలని పాస్టరు గారు అడిగారని రాశావు. "బొగ్గుబాయికాడ దీపాల పుస్తకం రాసినోడివి, గా ఓడ పుట్టినకాంచి సచ్చినదాక రాసి పంపు" అన్నావు. పంపుతాను. సెప్టెంబరు ఆఖరి ఆదివారం ప్రతిష్ఠ అంటే ఇంకా టైం ఉంది.

ఇది పాస్టరు గారికి కూడా చూపిస్తావు కాబట్టి మనకు తెలిసిందే ఇంకోసారి రాస్తున్నాను. మీ బాపు జోయల్, మా బాపు డేవిడ్ ఇద్దరూ కూలి పటాలంలో చేరి బొంబాయిలో ఒకే ఓడ ఎక్కారు. ఒకరే తిరిగి వచ్చారు. వచ్చిన ఆయన, మా బాపు, మనిద్దరినీ కన్న అవ్వను చేసుకున్నాడు. మూడేళ్లకు నేను పుట్టాను.

ఇక ఓడ. మంచిర్యాలలో నెట్ సెంటర్ నడిపే గోపాల్ పదకొండు పేజీలు తీసి ఇచ్చాడు. అన్నీ ఇంగ్లీషు. నిఘంటువు పక్కన పెట్టుకొని రోజుకు అర పేజీ చదువుతున్నాను. ఓడ పేరు సెలీమా. 1913లో కట్టారు. పొడవు నాలుగు వందల యాభై అడుగులు. యుద్ధానికి ముందు బొంబాయి నుంచి జెద్దాకు హజ్ యాత్రికులను మోసేది. తెల్ల రంగు, నల్ల పొగగొట్టం. 1940లో నౌకాదళం తీసుకొని బూడిద రంగు పూసింది. వెనక ఒక ఫిరంగి పెట్టింది. యాత్రికులు నమాజు చేసుకునే డెక్కు మీద సిపాయిలకు వరుసగా ఊయల పడకలు కట్టారు.

మిగతాది చదివాక రాస్తాను. మోకాలికి నూనె రాస్తున్నావా?

తమ్ముడు
ఆశీర్వాదం

* * *

జైనూర్
20 జూన్

ఓ తమ్మీ,

నీ ఉత్తరం సదివిన. ఓడ పెండ్లిపిల్ల లెక్క ఉన్నది, పొడుగు గింత, రంగు గిట్ల, ముక్కు గట్ల అని. ఎక్కిన మనిషి ముచ్చట మాత్రం ఒక్కటి రాయవైతివి. నువ్వు సిన్నప్పటి సంది గింతే. బడికాడ కొట్లాట అయితె ఎవ్వలు కొట్టిండ్రో చెప్పకపోదువు, ఎన్ని దెబ్బలు పడ్డయో చెప్పేదువు.

ఫోన్ చేసినవంట. మా కోడలు స్వరూప తెచ్చి చెవుకాడ పెట్టింది. నువ్వు ఒర్రినా నాకు గాలి సప్పుడే ఇనవడ్తది. ఉత్తరమే రాయి. పోస్టాయన సోమవారం అంగడినాడు వస్తడు, నేను గడపల కూసుంటున్న.

పాస్టరుకు జెప్పిన, మా తమ్ముడు మొత్తం తీస్తుండని. ఆయన సంబురపడ్డడు. ఏటేటా చర్చిల పేర్లు సదువుతరు గద, "సముద్రంల ఓడ మునిగి పోయిన జోయల్" అంటరు, నేను లేసి నిలవడ్త. ఎనభై మూడేండ్లొచ్చినయి. బాపు మొఖం నాకు యాదికి లేదు. ఓడ మునుగుడు మాత్రం కండ్లముందట ఉంటది, సూడనిది. అవ్వ వానకాలం వస్తె చాలు జెప్పేది. నీళ్లు ఎట్ల లోపటికొచ్చినయో, అందరు ఎట్ల పాట పాడిండ్రో. చిన్నబాపు అంటె మీ బాపు, ఆయన దర్వాజకాడ కూసుండి ఇనేటోడు. ఒక్క మాట అనకపోవు.

నువ్వు తేదీ పంపు. నా పెద్దకొడుకు రాజలింగు అంటుండు, తేదీ దొరికితె గా రోజు చర్చిల ప్రార్థన పెట్టిద్దామని. సావు దినం తెల్వక ఇన్నేండ్లు గడిసినయి తమ్మీ.

మోకాలు ఉన్నది. నూనె కూడ ఉన్నది. రెండు కలుస్తలేవు.

మీ అక్క
మగ్దలేనమ్మ

* * *

నస్పూర్
1 జూలై 2024, సోమవారం

రాత్రంతా తుంపర. పొద్దున తెరపి. గేటు గొళ్లెం తుప్పు పట్టింది, కిరసనాయిలు వేసి తుడిచాను.

అక్కకు వందనాలు.

పేజీలు అన్నీ చదివాను. రాస్తున్నాను.

1940, 41లో సెలీమా బొంబాయి నుంచి సూయజ్‌కు ఆరుసార్లు, బస్రాకు నాలుగుసార్లు పటాలాలను దించింది. వెనక్కి వచ్చేటప్పుడు గాయపడిన వారిని, ఖైదీలను తెచ్చింది. 1942లో మూడుసార్లు సూయజ్ వెళ్లింది. 1943లో ఇంజిను చెడి మరమ్మతు కోసం నాలుగు నెలలు బొంబాయి రేవు గోదీలో ఉంది. 1944లో చిట్టగాంగ్, 1945లో రంగూన్. యుద్ధం అయిపోయాక ఏడాదిపాటు సిపాయిలను ఇళ్లకు చేర్చింది. మా బాపు తిరిగి వచ్చింది కూడా దీని మీదే అయి ఉంటుంది.

ఒకసారి ఎర్ర సముద్రంలో ఎండకు డెక్కు ఇనుము కాలి చెప్పులు అంటుకుపోయాయని ఉంది. ఒకసారి పదకొండు వందల మందికి విరేచనాలు పట్టాయని ఉంది. బొగ్గు బావుల్లో మాకు కూడా ఒక ఎండాకాలం అలాగే అయింది. దీపాల గదిలో కూర్చున్నవాడిని నేను, దీపం తీసుకున్నవాళ్లు తీసుకున్నట్టే వెనక్కి తెచ్చి ఇచ్చారు.

పదకొండో పేజీలో ఆఖరి మాట: 1948 మార్చిలో బొంబాయిలో పాత ఇనుము కింద విప్పేశారు.

ఓడ మునగలేదు. కాబట్టి ఆ తేదీ పంపలేకపోతున్నాను.

తమ్ముడు
ఆశీర్వాదం

* * *

జైనూర్
9 జూలై

ఆశీర్వాదం,

గిదేనా నువ్వు రాసేది? అంగట్ల సీర బాగలేదు వాపస్ తీస్కో అన్నట్టు రాసినవ్. ఓడ మునగలేదు, తేదీ లేదు, వందనాలు. ఎనభై ఏండ్లు నేను లేసి నిలవడ్డ చర్చిల. ఎవ్వల కోసం నిలవడ్డ మరి?

నాకు సమజైంది. నువ్వు రాయకున్నా సమజైంది. ఓడ మునగకపోతె ఎక్కినోడు దిగిండు. దిగినోడు ఇంటికి రాలే. అక్కడనే ఎక్కడనో ఉండిపోయిండు. ఇంకో ఆడిది దొరికి ఉంటది, ఇంకో బిడ్డ పుట్టి ఉంటది. ఆ బిడ్డ ఇప్పుడు ముసల్ది అయి ఎక్కడనో నా లెక్క మోకాలుకు నూనె రాసుకుంటది. గంతే గద? సూటిగ రాయరాదు?

మరి మీ బాపు వచ్చి ఓడ మునిగిందని ఎందుకు జెప్పిండు? మొగడు బతికుండంగనే అవ్వను చేసుకున్నడా? గప్పుడు అవ్వ ఏమైతది, నువ్వు ఏమైతవ్? రాయాల్నని రాస్తలేను. చేయి ఆగుతలేదు.

నేను పాస్టరు తాన పోయి మా బాపు పేరు రాతిమీద ఒద్దని జెప్పిన. ఎందుకు అత్తమ్మా అన్నడు. మునగలేదంట అన్న.

ఊళ్లె అందరికి తెలిసింది. సత్తమ్మ అడగనే అడిగింది, "ఏందక్కా, మీ బాపు బతికే ఉండెనంట?" అని. నాకు ఇనవడనట్టు కూసున్న. ఇనవడకపోవుడు మంచిదే అప్పుడప్పుడు.

మగ్దలేనమ్మ

* * *

నస్పూర్
18 జూలై 2024, గురువారం

ముసురు. ఎండ లేదు. బియ్యంలో పురుగు పడితే చాటలో పోసి చెరిగాను. ఇది రాస్తూ మూడుసార్లు లేచి వాకిట్లోకి వెళ్లి వచ్చాను.

అక్కకు వందనాలు.

నువ్వు అనుకున్నది నేను రాయలేదు. మీ బాపు ఎక్కడో దిగి ఉండిపోయాడని ఆ పేజీల్లో లేదు.

ముప్పై నాలుగేళ్లు దీపాల గదిలో నా పని ఒకటే. షిఫ్టుకు ఎన్ని దీపాలు బావిలోకి వెళ్లాయి, ఎన్ని తిరిగి వచ్చాయి. ఒకటి తక్కువైతే ఇంటికి వెళ్లేవాడిని కాదు. ఆ అలవాటు కొద్దీ ఓడ లెక్క కూడా చూశాను. 1942 ఆగస్టులో బొంబాయిలో ఎక్కినవారు 1,846. ఏడెన్‌లో బొగ్గు, నీళ్లు, ఉత్తరాల సంచులు ఎక్కించుకున్నారు, మనుషులు ఎవరూ దిగలేదు. సూయజ్‌లో దిగినవారు 1,845.

నడుమ ఒక పంక్తి ఉంది. నాకు వచ్చినంత ఇంగ్లీషులో ఇలా అర్థమైంది: "ఆగస్టు 11, మధ్యాహ్నం 1.40. కూలి పటాలంలో ఒకడు సముద్రంలో పోయాడు. ఓడ ఆపలేదు."

జలాంతర్గాములు తిరుగుతున్నాయని, ఎవరు పడినా ఓడ ఆపొద్దని హుకుం ఉందట. ఆపితే మిగతా వాళ్లంతా పోతారు. మన బావుల్లో అయితే ఒక్కడి కోసం అన్ని పనులూ ఆగుతాయి. అక్కడ పద్ధతి వేరు.

ఆ ఒక్కడు మీ బాపు. యుద్ధం అయ్యాక బొంబాయి నుంచి అవ్వకు వచ్చిన సర్కారు కాగితంలో కూడా సముద్రంలో పోయాడనే ఉంది, ఓడ మునిగిందని లేదు. ఆ కాగితం అవ్వకు చదివి చెప్పింది మా బాపే.

నిన్ను విడిచిపెట్టలేదు. పేరు చెక్కించవచ్చు.

ఆశీర్వాదం

* * *

జైనూర్
29 జూలై

తమ్మీ,

నాలుగుసార్లు సదివిన. పడిపోయిండా? గంత పెద్ద మనిషి, చెట్టెక్కి ఇప్పపువ్వు దులిపేటోడంట, నడిపొద్దుగాల ఓడమీదికెల్లి పడిపోయిండా?

ఇంకోటి. పేపర్ల పేరు లేదు, "ఒకడు" అని ఉన్నదంటివి. ఓడ ఎనిమిదేండ్లు తిరిగింది. నువ్వు గన్ని పేజీలల్ల గా ఒక్క దినం కాడికే ఎందుకు పోయినవ్? ఇంకే పోకకు లెక్క పెట్టలేదు నువ్వు, పెడితె రాసేటోడివి. నీకు ముందుగాల్నే తెల్సు ఎక్కడ సూడాల్నో.

నేను మిషన్ దవాఖానల నలభై ఏండ్లు కాన్పులు చేసిన. "పిల్ల బతుకుతదా అమ్మా" అని అడిగినోళ్లకు మంచిగైతది పో అని ఎంతమందికి జెప్పిననో. అబద్ధం ఎట్ల నడుస్తదో, ఎక్కడ జర కుంటుతదో నాకు తెల్సు. నీ ఉత్తరం కుంటుతుంది.

ఓడ మునిగిందన్నది అబద్ధమాయె. పడిపోయిండన్నది సగమాయె. కడమ సగం ఏంది? నేను ఎవ్వల మీద అలగ. ఇప్పుడు అలిగి ఎక్కడికి పోత? కాని తెల్వక సావద్దు నేను. కంటికి కునుకు లేదు, అన్నం దిగుతలేదు. స్వరూప పరేషాన్ అయితుంది.

రాయి. లెక్కలు ఒద్దు. ముచ్చట రాయి.

అక్క

* * *

నస్పూర్
9 ఆగస్టు 2024, శుక్రవారం

ఎండ. గాలి లేదు. పనేమీ చేయలేదు.

అక్కకు,

1981లో మా బాపు ఆఖరి వారం మంచంలో ఉన్నప్పుడు అవ్వను నీళ్లకు పంపి నన్ను దగ్గర కూర్చోమన్నాడు. చెప్పింది ఇది. నలభై మూడేళ్లు ఎవరికీ చెప్పలేదు.

"ఓడ మునగలేదురా. జోయలే దుంకిండు. కాయితం మూల సూసి దుంకిండు."

నీకు గుర్తుండే ఉంటుంది, ఆ కాలంలో చావు కబురు ఉత్తరానికి ఒక మూల చింపి పంపేవారు. చదువు రానివాడికి కూడా చేతికి అందగానే తెలియాలని. అది చదివించుకొని, ఇంట్లోకి తేకుండా బయటే చింపేసేవారు.

ఏడెన్‌లో ఎక్కిన ఉత్తరాల సంచిలో మీ బాపుకు ఒకటి ఉంది. పేరు పిలిచి ఇచ్చారు. దానికి ఒక మూల లేదు. ఆయనకు చదువు రాదు. ఆ పటాలంలో తెలుగు చదవగలిగింది మా బాపు ఒక్కడే. అప్పుడు మా బాపు కింద వంటశాలలో ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మీ బాపు అక్కడికి వచ్చాడు. హవల్దారు లోపలికి రానివ్వలేదు. దర్వాజ నుంచి చేయి ఎత్తి కాగితం చూపించాడు. మా బాపు అన్నాడట, "జర ఆగు జోయల్, గీ బస్తా ఒడవని."

బస్తా అయ్యేసరికి గంటన్నర పట్టింది. పైకి వెళితే డెక్కు మీద బూట్లు జత చేసి పెట్టి ఉన్నాయి. ఒక బూటులో ఉత్తరం మడిచి ఉంది. అందరూ నీళ్లవైపు చూస్తున్నారు. ఓడ పోతూనే ఉంది.

మా బాపు ఉత్తరం చదివాడు. మన ఊరి పంతులుతో అవ్వ రాయించింది. అందరం క్షేమం. పిల్ల నడుస్తుంది. పండ్లు వస్తున్నాయి, చేతికి అందిందల్లా కొరుకుతుంది. ఈ కాగితం మూల కూడా కొరికింది. పంతులు దగ్గర వేరే కాగితం లేదు. ఏమీ అనుకోవద్దు.

అప్పటికి నీకు పదిహేను నెలలు.

మా బాపు ఆ ఉత్తరాన్ని నీళ్లలో వేశాడు. తనంత తాను ప్రాణం తీసుకున్నవాడి పేరు అప్పట్లో మన చర్చిలో చదివేవారు కాదు. ఆ ఇంటివాళ్లను ప్రభువు బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. అంతకంటే, ఉత్తరం రాయించింది అవ్వ, కొరికింది నువ్వు. మీ ఇద్దరికీ ఆ మాట ఎలా చెప్పాలి? అందుకని ఓడను ముంచాడు. దాదాపు రెండు వేల మంది ఎక్కిన ఓడను ఒక్క మాటతో ముంచి, ఆ మాట వెనక ముప్పై అయిదేళ్లు కూర్చున్నాడు. "మగ్దలేన బతికున్నన్ని దినాలు చెప్పకు" అని నా చేయి పట్టుకున్నాడు. సరే అన్నాను.

ఓడ చరిత్ర రాయమని నువ్వు అడిగినప్పుడే రాదని చెప్పవలసింది. చెప్పలేదు. ఆ పేజీల్లో వేరే ఏదైనా ఉంటుందేమో, మా బాపు జ్వరంలో అన్నాడేమో అని చూశాను. ఉన్నది అదే.

మాట తప్పాను. నీకు తిట్టాలని ఉంటే తిట్టు. ఉత్తరం మాత్రం ఆపకు.

ఆశీర్వాదం

* * *

జైనూర్
22 ఆగస్టు

తమ్మీ,

మూడు దినాలు ఎవ్వలతోని మాట్లాడలే. చెవులు పోయినయి, ఇప్పుడు నోరు కూడ పోయిందని స్వరూప ఏడ్సింది. నాలుగోనాడు చాయ్‌ల చక్కెర తక్కువైందన్న. గప్పుడు ఇంట్ల అందరు నవ్విండ్రు.

ముందుగాల నీ సంగతి. పదిహేను నెలల పిల్ల కాయితం కొరకక ఏం జేస్తది, సదువుతదా? నా చేతులల్ల ఎన్ని వందలమంది పుట్టిండ్రో. పండ్లొచ్చేటప్పుడు కాయితం ఇడిసిపెట్టినోడు ఒక్కడు లేడు. దీన్ని పాపం లెక్క మూట గట్టి నలభై మూడేండ్లు మోసినవా? పిచ్చోడా. మీరిద్దరు తండ్రీకొడుకులు నన్ను కాపాడిండ్రట. ఎవ్వలు కాపాడుమన్నరు? నేను మంది పిల్లలను పాతిపెట్టి వచ్చి అన్నం తిన్నదాన్ని. గీ ఒక్క ముచ్చట ఆపుకోకపోదునా? దీనికి మాత్రం నాకు కోపం ఉన్నది. ఉంటది ఇంకా కొన్ని దినాలు.

చిన్నబాపు ఉల్లిగడ్డ కోసేకాడ ఉండకపోవు, యాదికున్నదా? లేసి బయటికి పోయేటోడు. కండ్లు మండుతయని అనుకుంటిమి. "జర ఆగు" అన్నందుకు గా మనిషి ముప్పై అయిదేండ్లు ఏం తిన్నడో ఏం మింగిండో. ఆయన సమాధికి సున్నం ఏపిస్త ఈసారి. నువ్వు వచ్చి పట్టు బకీటు.

ఇగ చర్చి. నేనే పోయి పాస్టరుకు, పెద్దలకు మొత్తం జెప్పిన. నీ ఉత్తరం సదివిపిచ్చిన. పరశురాములు లేసిండు, సంఘం పెద్ద గద. "తనంత తాను దుంకినోని పేరు రాతిమీద ఎట్ల పెడ్తం అత్తమ్మా? రేపు పిల్లలు అడిగితె ఏం జెప్పాలె?" అన్నడు. తప్పుబట్ట ఆయన్ను. ఆయన తాత కాలంల గట్లనే నడిసింది.

నేనన్న, "దుంకలేదు పరశురాములూ. దిగిండు. బిడ్డ సచ్చిందని తెలిస్తె ఏ తండ్రన్న ఓడల కూసుంటడా? మన్ను పెట్టెటందుకు ఇంటికి ఎల్లిండు. నడుమ నీళ్లున్నయ్. గంతే."

నాకు ఇనవడలేదా, వాళ్లు అనలేదా అని స్వరూప దిక్కు సూసిన. అది తల ఊపింది, ఎవ్వలు అంటలేరని. పరశురాములే కుర్చీ జరిపి నన్ను కూసోపెట్టిండు.

పేరు పెడ్తరు. యుద్ధంల సచ్చిపోయినోళ్ల వరుసల ఒద్దన్న నేను. కింద వేరే. ఒక్క వరుసనే పడ్తదంట, రాయి సరిపోదంట. ఏమని చెక్కాలె? నాకు మాటలు ఎక్కువ, గా రాయి మీద పట్టవు. నీకు తక్కువ. నువ్వు రాసి పంపు. ఓడ పేరు ఒద్దు. మునిగింది, పడింది, దుంకింది ఒద్దు. చెక్కేటాయన సెప్టెంబర్ల మూడో సోమవారం వస్తడు.

అక్క

* * *

నస్పూర్
2 సెప్టెంబర్ 2024, సోమవారం

నాలుగు రోజులుగా వాన. గోదావరి పొంగిందని అంటున్నారు, నేను చూడటానికి వెళ్లలేదు. వరండాలోకి నీళ్లు రాకుండా గడపకు అడ్డంగా ఇసుక సంచులు రెండు వేశాను.

అక్కకు ఆశీర్వాదం వందనాలు.

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. ఒక్క వరుస రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. మొదట పుట్టిన సంవత్సరం వేశాను, అది మనకు సరిగ్గా తెలియదు, కొట్టేశాను. "సముద్రంలో" అని రాశాను, కొట్టేశాను. "ప్రేమగల తండ్రి" అని రాశాను. అందరి సమాధుల మీదా అదే ఉంటుంది, అది కూడా కొట్టేశాను. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంది. సున్నం వేయడానికి వస్తాను. బకెట్ పట్టడం ఒక్కటే కాదు, కుంచె కూడా నాకే ఇవ్వాలి.

నువ్వు చర్చిలో అన్న మాట చదివాక దీపాల గదిలో మేము రాసే పద్ధతి గుర్తుకొచ్చింది. పైకి రానివాడి పేరు ఎదుట మేము చనిపోయాడని రాయం. ఎప్పుడు బయలుదేరాడో అది మాత్రమే రాస్తాం. మిగతాది ఇంకా తెలియలేదు అన్నట్టు ఖాళీ వదులుతాం. అందుకని ఇలా రాశాను. పనికిరాకపోతే మార్చు.

జోయల్, మగ్దలేన తండ్రి. ఇంటికి బయలుదేరింది: 11 ఆగస్టు 1942.

చెక్కే ఆయన కోసం ఇదే పెద్ద అక్షరాలతో వేరే కాగితం మీద రాసి లోపల పెట్టాను. నీ పేరులో "అమ్మ" తీసేశాను. అప్పటికి నువ్వు అమ్మవు కాదు, ఆయన పిలిచేది మగ్దలేన అనే అని అవ్వ చెప్పేది.

ఖాళీ వదిలిన చోటు గురించి పాస్టరు గారు అడిగితే నేను చెప్పానని చెప్పు. వాన తగ్గితే శనివారం బస్సుకు వస్తాను, ఆసిఫాబాద్ మీదుగా. రోడ్డు తెగిందంటున్నారు కాబట్టి తేదీ ఖాయంగా రాయడం లేదు. వచ్చేటప్పుడు నీకు మోకాలి పట్టీ, స్వరూపకు గాజులు తెస్తాను.

తమ్ముడు
ఆశీర్వాదం